ముక్కుపుడక పెట్టిన పరీక్ష

2007 ఫిబ్రవరి. షార్జాలో మేం భూమిలో బంగారం వెతికే మెటల్ డిటెక్టర్లు అమ్మేవాళ్ళం. కొనేవాళ్ళు ఎక్కువగా సూడాన్ వాళ్ళు. ఇక్కడ తవ్వడానికి కాదు, తమ దేశం పట్టుకుపోవడానికి. ఆ కొట్లో సేల్స్‌మన్నూ నేనే, మెకానిక్కూ నేనే. నెల్లూరు జిల్లాలో రేడియోలు బాగుచేసుకునే మస్తాన్ దుబాయ్ వెళ్ళి బంగారం నిపుణుడయ్యాడని మావాళ్ళు చెప్పుకునేవారు. ఆ నిపుణుడికి అప్పటిదాకా నేలలో దొరికినవి సీసా మూతలు, ఒక తాళంచెవి, ఒంటె మెడలోంచి జారిపడిన గంట.

మిషను గురించి రెండు ముక్కలు. కర్ర చివర గుండ్రటి ప్లేటు ఉంటుంది. దాన్ని కాయిల్ అంటాం. మా దగ్గర బాగా పోయే మోడల్‌లో కాయిల్ మారిస్తే ఫ్రీక్వెన్సీ కూడా మారుతుంది. పెద్ద కాయిల్‌కి లో ఫ్రీక్వెన్సీ: లోతుకు పోతుంది, పెద్ద వస్తువుల్ని పట్టుకుంటుంది. చిన్న కాయిల్‌కి హై ఫ్రీక్వెన్సీ: లోతు తక్కువ, కానీ రవ్వంత బంగారాన్నీ వదలదు. ఇంకొకటి డిస్క్రిమినేషన్. అంటే వివక్ష. మనుషుల్లో ఉంటే తప్పు, మిషన్లో ఉంటే ఫీచర్. మేకులు, ఫాయిల్ కాగితాలు లాంటి చెత్త తగిలినప్పుడు మోగకుండా నోరు నొక్కేస్తుంది.

డెమోకి ఒక ట్రేలో సముద్రపు ఇసుక పోసి, మా ముదీర్, అంటే మేనేజరు, వేలికున్న లావుపాటి ఉంగరం అందులో పూడ్చేవాణ్ణి. “షోర్ కరే తో కస్టమర్ భాగే” అనేవాడాయన. గోల చేసే మిషన్ని చూస్తే కొనేవాడు పారిపోతాడని. అందుకని ఫాయిల్‌నీ ఇనుమునీ మూయించి, ఉంగరం దగ్గర మాత్రమే మోగేలా పెట్టడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు నన్ను ఎక్కడ నిలబెట్టిందో చెప్పడానికే ఇదంతా.

ఒక గురువారం సాయంత్రం కరీముల్లా వచ్చాడు. మా పక్క ఊరివాడు, అల్ కుసైస్‌లో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరు. వెంట అదే ఇంట్లో పిల్లను చూసుకునే సత్యవతి. ఆమెది రాజోలు వైపు.

“అన్నా, నీ మిషనుకి పని తెచ్చినా. సూడాన్ దాకా పోబళ్ళేదు, మలీహా రోడ్డు చాలు” అన్నాడు కరీముల్లా.

సంగతి సత్యవతి చెప్పింది. కిందటి శుక్రవారం ఇంటిల్లిపాదీ మలీహా రోడ్డు పక్కన ఇసుకలో, గాఫ్ అనే ఎడారి చెట్ల కింద పిక్నిక్‌కి వెళ్ళారు. ఇంటికొచ్చి స్నానం చేయిస్తుంటే మూడేళ్ళ పాప చేతి గొలుసు లేదు. నాయనమ్మ పెట్టిన బంగారు గొలుసు. వెంట్రుకంత సన్నం, మధ్యలో గోరంత రేకు.

“మేడమ్ ఏమన్నా అనిందా అక్కా?” అన్నాను.

“అంటే బాగుండునండి. ‘పోతే పోయిందిలే సత్యా’ అన్నారు. కానీ ఆ రోజు నుంచీ బీరువా తాళం ఆవిడ దిండు కిందకి వెళ్ళిపోయింది. ఆరేళ్ళబట్టీ అది నా చున్నీ ముడిలోనే ఉండేదండి.” ఆమె ఖాళీ చున్నీ చివర చూపించింది. “ఆదివారం నేను సెలవు మీద ఊరెళ్తన్నాను. గొలుసు దొరక్కుండా వెళ్ళాననుకోండి, అదీ నాతోపాటే విమానం ఎక్కిందనుకోరా? ఆ ఇంట్లో నా తరపున మాట్లాడేదెవరండి?”

“పది నిమిషాల పనక్కా” అన్నాను. నిపుణుణ్ణి కదా.

మర్నాడు పొద్దున ఏడింటికల్లా మా కొట్టు వ్యాన్లో ముగ్గురం అక్కడున్నాం. పొయ్యి రాళ్ళను బట్టి కరీముల్లా చోటు గుర్తుపట్టాడు. పాప ఎక్కడ ఆడుకుందో, తను కారు పక్కన చాప ఎక్కడ దులిపిందో సత్యవతి చూపించింది. మాంసం కాల్చుకునే చోటు కాబట్టి ఎటు చూసినా ఫాయిల్ ముక్కలే. నేను ఎప్పటిలాగే వాటి నోరు మూయించి, పెద్ద ప్లేటు తగిలించి, దున్నేవాడిలా చాలువారీగా నడిచాను. రెండు గంటలకు ఒక దిర్హం బిళ్ళ, రెండు నలిగిన డ్రింకు డబ్బాలు దొరికాయి.

“ఇంకో రెండు డబ్బాలు దొరికితే పాతసామాన్ల కొట్టు పెట్టుకోవచ్చన్నా” అన్నాడు కరీముల్లా.

నేను చెమట తుడుచుకుని, “ఇక్కడ లేదక్కా. మిషను లేదంటా ఉంది” అన్నాను.

“లేదని ఎక్కడందండి? అసలేవీ అనలేదు. మా ఇంటాయనా అంతే. పిలిస్తే పలకరు. అంతమాత్రాన ఇంట్లో లేనట్టాండి?”

అంటూనే ముక్కుపుడక మర విప్పింది. జేబురుమాలు ఇసుక మీద పరిచి దాని మీద పెట్టింది. “ఇది మా అమ్మ పెట్టిన బంగారం. దీన్ని చూసి మీ మిషను ఏవంటదో చూద్దాం.”

ప్లేటు దాని మీదుగా తిప్పాను. చప్పుడు లేదు. ఇంకా కిందికి దించి తిప్పాను. ఊహూఁ. మిషను మోగలేదు. నా చెవులు మాత్రం మోగాయి.

అప్పుడు తట్టింది. సన్నటి బంగారమూ ఫాయిల్ ముక్కా ఈ మిషనుకి ఒకేలా వినిపిస్తాయి. ఒకదాని నోరు నొక్కితే రెండోదీ నోరు మూసుకుంటుంది. పైగా నేను తగిలించిన లో ఫ్రీక్వెన్సీ ప్లేటు ముదీర్ ఉంగరం లాంటి వాటికి పనికొచ్చేది. అంటే రెండు గంటలూ నేను బంగారం దొరక్కుండా ఎంతో శ్రద్ధగా వెతికానన్నమాట.

వ్యాన్లోంచి చిన్న కాయిల్ తెచ్చి హై ఫ్రీక్వెన్సీకి మార్చాను. డిస్క్రిమినేషన్ తీసేసి, ఏ లోహాన్నైనా చెప్పే ఆల్ మెటల్ మోడ్ పెట్టాను. తర్వాత గ్రౌండ్ బ్యాలెన్స్. అక్కడి ఎర్ర ఇసుకలో ఇనుము కలిసి ఉంటుంది. ప్లేటును పైకీ కిందికీ ఆడిస్తూ, నేల చేసే గుయ్‌మనే చప్పుడు అణిగేదాకా సర్దాలి. అది అయ్యాక ముక్కుపుడక మీదికి తెచ్చాను.

కుయ్‌మంది.

“ఆయ్! నోరొచ్చిందండి దీనికి!” అంది సత్యవతి.

వచ్చిన నోరు మళ్ళీ మూతపడలేదు. అడుగుకో ఫాయిల్ ముక్క, ముక్కకో కూత. నేను మోగించడం, సత్యవతి ఆ చోట గుప్పెడు ఇసుక ప్లాస్టిక్ పళ్ళెంలోకి తీసి నా ప్లేటు కింద పట్టడం, మోగితే ఏరడం, కరీముల్లా ఆ చెత్తను సంచిలో వెయ్యడం. పదకొండు దాటింది. సంచి సగం నిండింది.

“అన్నా, జుమ్మాకి టైమవుతోంది. యల్లా, పోదాం” అన్నాడు కరీముల్లా.

“ఈ ఒక్క చాలూ అయిపోనీ” అన్నాను. చాప దులిపిన చోటు అది. పొద్దున దాని మీదుగా రెండుసార్లు నడిచాను, నా బూటు గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆ గుర్తుల మధ్యే చిన్న కూత, మిగతా కూతల్లాగే. కరీముల్లా సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు.

సత్యవతి గుప్పెడు ఇసుక తీసి, పళ్ళెం వంచి మెల్లగా జార్చింది. ముందు చిన్న కొక్కెం కనబడింది. ఆ వెనక ఇసుకలోంచి గోరంత రేకు, వెంట్రుకంత గొలుసు.

“ఖలాస్!” అని కరీముల్లా గాల్లోకి ఎగిరాడు. సంచిలోని ఫాయిలంతా మళ్ళీ ఇసుక పాలైంది. ముగ్గురం నవ్వుకుంటూ అదంతా ఏరాం. సత్యవతి కళ్ళు తుడుచుకుని, ముక్కుపుడక పెట్టుకుంటూ, “మీ మిషను మంచిదేనండి. పిలవాల్సినట్టు పిలవాలంతే” అంది. మిషను నడిపేవాడి గురించి ఏమీ అనలేదు. గోదావరి మర్యాద. మసీదులో మాకు ఆఖరి వరుస దొరికింది.

శనివారం కరీముల్లా ఫోన్ చేశాడు. “అన్నా, మేడమ్ అక్కను కావిలించుకుని తాళం తీసి చేతిలో పెట్టింది. అక్కేమో ‘ఇప్పుడు ఊరెళ్తున్నా కదమ్మా, మీ దగ్గరే ఉంచండి. వచ్చాక తీసుకుంటా’ అని తిరిగిచ్చేసింది. తల ఎట్టా ఎత్తి చెప్పిందో నువ్వు చూడాల్సింది!”

సోమవారం డెమో ట్రేలోంచి ఉంగరం తీసి ముదీర్‌కి ఇచ్చేశాను. దాని బదులు గాజు బుడ్డిలో నువ్వుగింజంత బంగారు రవ్వ పెట్టుకున్నాను. కొనడానికి వచ్చినవాళ్ళను, మీ నేల ఎలాంటిది, మీకు దొరికే బంగారం ఎంత సైజుదని ముందే అడిగేవాణ్ణి. మిషన్ని కావాలనే గోల చేయించి, ఆ గోలలో రవ్వ కూత ఏదో వినిపించేవాణ్ణి. ముదీర్ తల పట్టుకున్నాడు. కానీ కస్టమర్లు పారిపోలేదు. సూడాన్ నుంచి తమ్ముళ్ళనీ బావమరుదుల్నీ పంపించారు.

ఇప్పటికీ మిషను పలకని చోట “ఇక్కడ లేదు” అని తొందరపడి చెప్పను. ముందు ఆ రవ్వ దాని కింద పెడతాను. దాని కూత విన్నాకే నేల చెప్పేది నమ్ముతాను.