నాలుగు నిమిషాలకో కూత

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను జేబులోంచి గుడ్డముక్క తీసి చూపిస్తాను. నేను లిఫ్టు మెకానిక్‌ని. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. ఏడాదికి ఒకసారైనా ఏదో ఒక బిల్డింగు నుంచి సెక్యూరిటీ వాళ్ల ఫోన్ వస్తుంది. తొమ్మిదో అంతస్తులో లిఫ్టు తలుపు మూసుకోవడం లేదట, మూసుకోబోయి మళ్లీ తెరుచుకుంటోందట, గడప మీద ఎవరో నిలబడ్డట్టే ఉందట. వెళ్లి తలుపు సెన్సరు మీద దుమ్ము తుడుస్తాను. దయ్యం పోతుంది. ఇప్పటికి నాలుగు దయ్యాలను ఇలాగే వదిలించాను. మంత్రగాడైతే కోడిని అడిగేవాడు, నేను టీతో సరిపెట్టుకున్నాను.

చదువు ఎనిమిదో తరగతిలో ఆపేశాను. నిజం చెప్పాలంటే చదువే నన్ను ఆపేసింది. పుస్తకాల్లో ఏముందో తెలియదు గానీ నా చెవులు మాత్రం గట్టివి. లిఫ్టులో రెండంతస్తులు ఎక్కితే చాలు, చప్పుడును బట్టి ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. నేను చెప్పబోయే ఆదివారం జరిగిందంతా చెవులతో తెలిసిందే. కళ్లకు ఏమీ కనపడలేదు.

మాది పుప్పాలగూడ. మా ఇంటి చుట్టూ ముప్పై అంతస్తులు లేచాయి, మేం మాత్రం ఒక్క అంతస్తులోనే ఉన్నాం. నలభై దాటాక డాక్టరు షుగరు అంచున ఉన్నావన్నాడు. పరుగు మొదలుపెట్టాను. మా వైపు ఆదివారం పొద్దున్నే పరిగెత్తే గుంపు ఒకటి ఉంది, అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లు. వారమంతా నేను బాగుచేసిన లిఫ్టుల్లో పైకి పోతారు, ఆదివారం నాతోపాటు రోడ్డు మీద చెమటోడుస్తారు. ఆ గుంపులో నా పని నవ్వించడం. ఇరవై కిలోమీటర్లు దాటాక మనిషిని నడిపించేది కాళ్లు కాదు, పక్కవాడి నోరు.

ఆ గుంపులోనే సత్యమూర్తి గారు ఉండేవారు. కాకినాడ ఆయన. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరై, భార్యతో మణికొండలో ఉండేవారు. నన్ను "మల్లేష్ గారూ" అని పిలిచేవారు. నాకు గారు తగిలించిన మొదటి మనిషి ఆయనే.

ఆయన పరుగుకు ఒక లెక్క ఉంది. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఎంత దూరమైనా అంతే. చేతికి పాత ప్లాస్టిక్ వాచీ ఉండేది. పరుగెత్తమనడానికి రెండు పొట్టి కూతలు, నడవమనడానికి ఒక పొడుగు కూత. ఆ రెండు పొట్టి కూతల్లో రెండోది బొంగురు. ఎప్పుడో వాన నీళ్లు లోపలికి పోయాయి. బాగుచేసి ఇస్తానన్నాను. వద్దండి, దీని గొంతు నాకు అలవాటైపోయింది అన్నారు. రెండేళ్లు ప్రతి ఆదివారం ఆ బొంగురు కూత వింటూ పరిగెత్తాను. పది వాచీలు ఒకేసారి మోగినా అది ఏదో చెప్పగలను.

ఒక ఆదివారం పరుగయ్యాక టీ తాగుతున్నాం. ఇరవై మంది ఉంటారు. నా నోరు ఊరుకోలేదు.

"సారు పరుగంటే బయోడైవర్సిటీ చౌరస్తా సిగ్నలే. గ్రీను పడితే ఉరుకుతరు, రెడ్డు పడితే ఆగుతరు. ఎనకున్నోళ్లం హారన్ కొట్టుకుంట నిలబడాలె."

అందరూ పగలబడి నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ రోజు నుంచి గుంపులో ఆయన పేరు సిగ్నల్ సార్.

రెండు వారాల తర్వాత ఆయన వాచీ కూయలేదు. కూత ఆపేసి వచ్చారు. నడక కూడా మానేశారు, మాతో సమానంగా ఆగకుండా పరిగెత్తుతున్నారు. ఎందుకో నాకు తెలుసు. నడవండి సారూ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ మరుసటి వారం ఫ్లైఓవర్ దిగుతుండగా ఆయన కుడి మోకాలు పట్టేసింది. గుంపును నడిపే శ్రవంతి, నేను కలిసి ఆయన్ను ఆటోలో కూర్చోబెట్టాం. ఆటో కదులుతుంటే ఆయన నన్ను చూసి చేయి ఊపారు. ఆపరేషన్ అయిందని, ఫ్లాటు ఖాళీ చేసి కాకినాడ వెళ్లిపోయారని తర్వాత విన్నాను.

ఎనిమిది నెలలు నేను ఆయనకు ఫోన్ చేయలేదు. నంబరు తెరిచేవాణ్ని, మూసేవాణ్ని. జోకులు వేసేవాడికి ఒక కష్టం ఉంది. క్షమాపణ చెప్పబోతే గొంతు కూడా జోకులానే పలుకుతుంది.

ఇక ఆ రోజు. నా మొదటి ఫుల్ మారథాన్‌కు మూడు వారాలుంది. ముప్పై రెండు కిలోమీటర్ల లాంగ్ రన్ చేయాలి. ముందురోజు నుంచే చలి గాలి మొదలైంది. వాట్సాప్ గుంపులో ఒక్కొక్కరే దుప్పటి బొమ్మలు పెట్టి పడుకున్నారు. చివరికి శ్రవంతి కూడా, అన్నా, జర జ్వరమొచ్చింది, నువ్వు కూడా ఆగిపో అంది. నేను ఆగలేదు. ఇంట్లో అందరూ ముసుగుతన్ని పడుకున్నారు. అయిదున్నరకు గొళ్లెం చప్పుడు కాకుండా తీసుకుని బయటపడ్డాను.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టూ ఒక చుట్టు వేసి, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి మీదుగా దుర్గం చెరువు తీగల వంతెన దాకా పోయి తిరిగి రావడం. పోవడానికి పదహారు, రావడానికి పదహారు. సోమవారం ఆ రోడ్ల మీద కాలు పెట్టడానికి చోటుండదు. ఆ రోజు కుక్కలు కూడా లేవు, ఏటీఎం గదుల తలుపుల దగ్గర ముడుచుకుని పడుకున్నాయి. మంచుకు మేడల పై సగం కనపడటం లేదు. నా ఊపిరి తప్ప చప్పుడు లేదు. నవ్వించడానికి ఎవరూ లేకపోతే నేను ఇంత తక్కువ మనిషినా అనిపించింది. ఒకటి రెండు జోకులు నాకు నేనే చెప్పుకున్నాను. పాతవే.

పదమూడో కిలోమీటరు దగ్గర బయోడైవర్సిటీ కూడలి. సిగ్నలు పసుపు లైటు ఊరికే ఆరుతూ వెలుగుతోంది. ఫోన్‌లో టైము ఏడు కావస్తోంది. అక్కడ వినపడింది, నా వెనక కుడివైపు, పది అడుగుల దూరంలో. రెండు పొట్టి కూతలు. రెండోది బొంగురు.

ఎవరో గుంపువాళ్లు వచ్చారనుకుని తిరిగి చూశాను. రోడ్డు ఖాళీ.

ముందు మెకానిక్ బుర్రే పనిచేసింది. ఏదో ఆఫీసు గేటు అయ్యుంటుంది, జనరేటరు గది అయ్యుంటుంది అనుకున్నాను. వెనక్కి ఇరవై అడుగులు నడిచి చూశాను. గేటు చప్పుడైతే దగ్గరవ్వాలి, లేదా దూరమవ్వాలి. నాలుగు నిమిషాలకు పొడుగు కూత వచ్చింది. అదే దూరం, అదే పక్క. ఇంకో నిమిషానికి రెండు పొట్టి కూతలు. నా చేతికి వాచీ లేదు. ఫోన్ చేతి పట్టీలో ఉంది, తీసి చూశాను. దానిలో ఏ అలారమూ లేదు.

భయం వేయలేదంటే అబద్ధం. పరుగు పెంచాను. కూతా నాతోనే వచ్చింది.

వంతెన మీద ఇక గేట్లు లేవు, మేడలు లేవు. కింద చెరువు, పైన తీగలు, చుట్టూ మంచు. సగం దూరంలో ఎడమ పిక్క పట్టేసింది. అంచున ఉన్న దిమ్మె మీద కూలబడ్డాను. చెమట చల్లారి వణుకు మొదలైంది. ఇంకా పదహారు కిలోమీటర్లు. ఆటో బుక్ చేద్దామని ఫోన్ తీశాను. ఆయన్ను ఆటో ఎక్కించిన రోజు గుర్తొచ్చింది. ఇక పరుగు మానేద్దామని అక్కడ కూర్చునే నిర్ణయించుకున్నాను. ఆయన పరుగు పోగొట్టినవాడికి మెడల్ ఎందుకు.

అప్పుడు గమనించాను. నేను కూర్చున్నప్పటి నుంచి కూత లేదు. నాలుగు నిమిషాలు దాటాయి, ఎనిమిది దాటాయి. అంత ఒంటరితనం నేను ఎప్పుడూ ఎరగను. భయపెట్టింది పోయినందుకు సంతోషించాలి కదా. నేను మాత్రం చెవులు రిక్కించి దానికోసం చూస్తున్నాను.

పదకొండో నిమిషంలో వచ్చింది. పొడుగు కూత. నడవమని.

లేచి నడిచాను. నిమిషానికి రెండు పొట్టి కూతలు వచ్చాయి, మెల్లగా పరుగు తీశాను. నా జన్మలో మధ్యలో నడవనివాణ్ని, ఆ రోజు చెప్పింది చెప్పినట్టు చేశాను. పిక్క మళ్లీ పట్టలేదు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, అన్నీ అట్లాగే దాటాను. పుప్పాలగూడలోకి తిరిగే మలుపు దగ్గర కూత ఆగిపోయింది. రావాల్సిన పొడుగు కూత రాలేదు. నిలబడి కాసేపు చూశాను. తొమ్మిది దాటింది. చివరి కిలోమీటరు ఒక్కణ్నే పోయాను.

వేడినీళ్లు పోసుకుని, ఈసారి నంబరు మూసేలోపే నొక్కేశాను. ఆయనే ఎత్తారు.

"మల్లేష్ గారూ, నూరేళ్లండి మీకు. పొద్దున్నించీ మీతోనే ఉన్నాను."

నేనింకా హలో కూడా అనలేదు.

ఆయనే చెప్పుకుపోయారు. మోకాలు ఇంకా పూర్తిగా వంగడం లేదట. పొద్దున్నే సొరుగులో పాత వాచీ కనపడితే, ఆపరేషన్ అయ్యాక మొదటిసారి కూత పెట్టుకుని, మంచం మీద పడుకుని కళ్లు మూసుకున్నారట. మన ఆదివారం దారి గుర్తు చేసుకుంటూ.

ఎక్కడి నుంచి మొదలుపెట్టారని అడిగాను.

"బయోడైవర్సిటీ సిగ్నల్ నుంచండి. మీ ఇంటి దగ్గర్నించి పరిగెత్తే ఓపిక మంచంలో కూడా లేదు నాకు. వంతెన మీద ఎందుకో కాసేపు కదలబుద్ధి కాలేదు, వాచీ ఆపేశాను. మళ్లీ మీరు ముందుకెళ్లిపోతారని లేచాను. మీ ఊరి మలుపు దాకా వచ్చేశానండి, ఈలోగా మా ఆవిడ ఆ కూత భరించలేక బ్యాటరీ ఊడబీకేసింది."

వెనక నుంచి ఆమె గొంతు వినపడింది. రెండు గంటలండీ, కాఫీ రెండుసార్లు వేడి చేశాను అంటోంది.

నా నోటికి వచ్చింది వేరే మాట.

"సారూ, ఆ సిగ్నల్ మాట నేను అనేది లేకుండె. మీ మోకాలు నా నోటితోనే పోయింది."

ఆయన అన్నారు.

"ఎనిమిది నెలలు పట్టిందండీ, మీకు గ్రీను పడటానికి."

ఇద్దరం నవ్వాం. నాకు నవ్వుతోపాటు ఏడుపు కూడా వచ్చింది, ఫోన్ కాబట్టి ఆయనకు కనపడలేదు. అప్పుడు చెబుదామనుకున్నాను, మీ కూత నాకు వినపడింది సారూ అని. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నేను చెబితే ఆయన ఏమనుకుంటారు? మళ్లీ ఆటపట్టిస్తున్నాడనే కదా. నవ్వుతారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఒకసారి చూశాను.

మర్నాడు శ్రవంతికి మాత్రం ఫోన్‌లో పరుగు యాప్ గీసిన వేగం గీత చూపించాను. కూడలి దగ్గర చిన్న ముడి తప్ప వంతెన దాకా తాడు పరిచినట్టుంది. వంతెన మీద పదకొండు నిమిషాల ఖాళీ. ఆ తర్వాత మలుపు దాకా దువ్వెన పళ్లు, నాలుగు, ఒకటి, నాలుగు, ఒకటి. ఏ టైమర్ పెట్టుకున్నవన్నా అని అడిగింది. పెట్టుకోలేదన్నాను. టైమర్ లేకుండా ఎవరికీ ఇంత సరిగ్గా రాదంది. చలికి చెవులు మోగాయనుకుందామా? మోగితే మోగాయి, ఆయన వంతెన మీద ఆగిన సంగతి నా చెవులకు ఎవరు చెప్పారు?

సెన్సరైతే తుడిచేవాణ్ని. బేరింగైతే మార్చేవాణ్ని. కాకినాడ మంచం మీద కూసిన వాచీ బయోడైవర్సిటీ దగ్గర ఎట్లా వినపడిందో నాకు అంతుపట్టలేదు. పైగా దయ్యమంటే చచ్చిపోయిన మనిషి ఉండాలి కదా. ఈయన నిక్షేపంగా ఉన్నారు, కాఫీ తాగుతున్నారు.

మారథాన్ నాలుగు, ఒకటి లెక్కలోనే పూర్తి చేశాను. ఆ రోజూ వినపడలేదు, ఆ తర్వాత ఏ ఆదివారమూ వినపడలేదు. కూడలి దగ్గరికి రాగానే కుడి చెవి మాత్రం దానంతటదే వెనక్కి పోతుంది.

ఇది అచ్చులో వస్తే ఒక కాపీ కాకినాడ పంపుతాను. సారూ, ఇది జోకు కాదు.