వాల్తేరు ఒడ్డున మగ్గం గుంత

మొన్న వేసవిలో మా కూతురి కూతురికి వాల్తేరులో పై చదువుకు సీటు వచ్చింది. కడపలోని మా ఇంటి వసారాలో కూర్చుని తల్లీ కూతురూ ఫోను చూసుకుంటూ, పిల్ల ఎక్కడ ఉండాలి, ఏ వీధి మంచిది, సముద్రం కనిపించే గది దొరుకుతుందా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. మంచి వీధి అంటే ఏమిటే అని నేను అడిగాను. పిల్ల నవ్వి మళ్ళీ ఫోనులోకి తల దూర్చింది. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, మంచివాళ్ళు ఉండే వీధి అంది. ఆ మాట నేను ఇంతకు ముందు కూడా విన్నాను. దాదాపు డెబ్బై ఏళ్ళ కిందట, అదే ఊళ్ళో, మా అమ్మనూ నన్నూ నాలుగు గుమ్మాల ముందు నిలబెట్టి పంపేశారు, నాలుగో గుమ్మంలో ఆ మాటతోనే.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులవి. కర్నూలులో సర్కారు కచేరీలన్నీ డేరాల్లో నడుస్తుంటే, దానికి పడమరగా ఉన్న ఎమ్మిగనూరులో, మా నేతగాళ్ళ వీధిలో, మా అమ్మ గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని తెల్లారి నుంచి పొద్దు గూకేదాకా నేసేది. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. మా వీధిలో ఆడపిల్ల ఐదో తరగతి దాటడమే వింత; నేను కర్నూలు కాలేజీలో డిగ్రీ ముగించి, జంతుశాస్త్రంలో పై చదువుకు వాల్తేరులో సీటు తెచ్చుకున్నాను. ఆడపిల్లల హాస్టలు నిండిపోయిందని, మొదటి కొన్ని నెలలు వసతి మీరే చూసుకోవాలని ఉత్తరం వచ్చింది. వీధిలో అందరూ అమ్మయ్య, ఆగిపోయిందిలే అనుకున్నారు. మా అమ్మ మాత్రం మగ్గం కర్రలు విప్పి, దారాలను దువ్వి బిగించే అచ్చునూ, అడ్డదారం మోసే నాడెనూ గుడ్డలో చుట్టి, అంతా కలిపి గోనెపట్టాలో బిగించి కట్టింది. నువ్వు యాడుంటే నా మగ్గం ఆడుంటాది అంది, అంతే.

ద్రోణాచలంలో చిన్న రైలెక్కి, బెజవాడలో పెద్ద రైలుకు మారి, వాల్తేరులో దిగేసరికి ఇద్దరికీ నడుములు పట్టేశాయి. స్టేషను బయట జట్కా కట్టించుకుని, మగ్గం మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని, చదువుకున్నవాళ్ళూ ఉద్యోగస్థులూ ఉండే మెరక వీధుల్లో ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. మొదటి ఇంటావిడ మా మాట వినగానే, ఎక్కడో రాళ్ళ దేశం నుంచి వచ్చారే అని నవ్వింది. రెండో ఇంట్లో కులం అడిగి తలుపు దగ్గరకు వేశారు. మూడో ఇంట్లో మగ్గం చప్పుడు పనికిరాదన్నారు. నాలుగో ఇంట్లో ఒక పెద్దావిడ చాలా మర్యాదగా మంచినీళ్ళిచ్చి, ఇది మంచివాళ్ళుండే వీధమ్మా, మీకు మగదిక్కు ఎవరున్నారు అని అడిగింది.

మా అమ్మ గ్లాసు కింద పెట్టి, “మగదిక్కు లేదు లేమ్మా. మగ్గం దిక్కు ఉండాది,” అని లేచి వచ్చేసింది.

జట్కావాడికి మా మీద జాలి పుట్టిందో, గుర్రం అలసిపోయిందో, బండిని పల్లంలోకి, సముద్రం వైపు తోలాడు. నేను సముద్రాన్ని చూడటం అదే మొదలు. కరువు నేలలో పుట్టినదాన్ని, అన్ని నీళ్ళు ఒక్కచోట చూసేసరికి నాకు ముందు ఆనందం కాదు, కోపం వచ్చింది. మా ఊళ్ళో రెండు బిందెల కోసం ఆడవాళ్ళు కొట్టుకుంటుంటే ఇన్ని నీళ్ళు ఇక్కడ ఊరికే పడి దొర్లుతున్నాయా అని. మా అమ్మ సముద్రాన్ని అంతగా పట్టించుకోలేదు. ఆమె చూపు ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక ముసలావిడ చేతుల మీద ఉంది. చేతిలోని దారాన్ని ఎలా ముడివేస్తోందో కాసేపు చూసి, దగ్గరకు వెళ్ళి కూర్చుంది.

ఆ ముసలావిడ జాలరి. భర్త పోయాడు, కొడుకులు వేటకు వెళ్తారు, తాను చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళో అమ్ముతుంది. తాటాకు ఇంట్లో ముందు గది ఖాళీగా ఉంది. మా మూట చూసి, “అదేటమ్మా?” అని అడిగింది. మగ్గమని చెబితే సంతోషపడి, అంతలోనే మొహమాటంగా, “మాది సేపల ఇల్లమ్మా, వాసనొస్తాది. ఉండగలరేటి?” అంది.

“మాది గంజి కంపు,” అంది మా అమ్మ. “నువ్వు ఓర్సుకుంటే మేమూ ఓర్సుకుంటాం.”

మా ఇంట్లో నీచు వండరు. తరాలుగా వండలేదు. అయినా ఆ ఇల్లు ఎంచుకున్నది మా అమ్మే. మా కోసం ఆ ముసలావిడ తన పొయ్యి ఇంటి వెనక్కి మార్చుకుంది.

గుంత తవ్వడం పెద్ద కథ అయింది. మా సీమలో గాలి ఎండు గాలి. దారం ఊరికే తెగుతుందని, నేల చెమ్మ తగిలేలా మగ్గం గుంతలో పెట్టుకుంటాం. ఇక్కడ మోకాలి లోతు తవ్వేసరికి ఇసుక జారి గుంత పూడిపోయింది. మళ్ళీ తవ్వితే అడుగున నీళ్ళు ఊరాయి. మా అమ్మ గుంత అంచున కూర్చుని నవ్వింది, నాన్న పోయాక ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు. ఊళ్ళో నీళ్ళ కోసం బావులు తవ్వి చస్తాండారు, ఈడ నీళ్ళొద్దంటే వస్తాండాయే అంది. చివరకు ముసలావిడ కొడుకులు పాత నావ చెక్కలు తెచ్చి, గుంతకు నాలుగు పక్కలా బిగించి, అడుగున గులకరాళ్ళు పోశారు. మగ్గం నిలబడింది. నూలు ఎమ్మిగనూరు షావుకారు రైలు పార్సిలులో పంపేవాడు, నేసిన బట్ట తిరిగి ఆయనకే పంపేవాళ్ళం. సముద్రపు గాలి చెమ్మకు దారం తెగడం మానేసింది. కాకపోతే గంజి పెట్టిన పడుగు దారాలు ఆరడానికి మాత్రం రెండు రోజులు పట్టేది, దానికి మా అమ్మ సముద్రాన్ని తిట్టని పూట లేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ధైర్యమంతా మా అమ్మదే, నాది కాదు. క్లాసులో నేను ఎక్కడ ఉంటున్నానో ఎవరికీ చెప్పలేదు. రిజిస్టరులో చిరునామా గడిని ఖాళీగా వదిలేశాను. తోటి అమ్మాయిలు మెరక వీధుల నుంచి రిక్షాల్లో వచ్చేవాళ్ళు. నేను రోజూ ఇంటి దగ్గర బయలుదేరే ముందు చీర కొంగు వాసన చూసుకునేదాన్ని. ఒకనాడు మధ్యాహ్నం ఇద్దరు స్నేహితురాళ్ళతో నడిచి వస్తుంటే, ఎదురుగా మా ముసలావిడ గంపతో వస్తూ, నన్ను చూసి మొహమంతా వెలిగించుకుని, “సదువుల తల్లీ, ఎల్తన్నావా?” అని పిలిచింది. ఎవరే ఆవిడ అని పక్కమ్మాయి అడిగింది. ఎవరో, నాకు తెలియదు అన్నాను. ఆ మాట ఆమెకు వినపడింది. గంప సర్దుకుని పక్కకు తప్పుకుని వెళ్ళిపోయింది. మరునాడు పొద్దున నా స్నానానికి ఎప్పటిలాగే నీళ్ళు తోడి పెట్టి ఉన్నాయి. మా అమ్మకు ఆమె ఒక్క మాట కూడా చెప్పలేదని నాకు అర్థమైంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే రెండు సంగతులు జరిగాయి. హాస్టలులో ఒక సీటు ఖాళీ అయిందని, వెంటనే వచ్చి చేరమని వార్డెనుగారు కబురు చేశారు. ఆవిడ మంచిదే. నేనుండే చోటు ఆవిడకు ఎలాగో తెలిసిపోయింది. నన్ను పక్కకు పిలిచి, ఆ చోటు నుంచి బయటపడు తల్లీ, రేపు ఉద్యోగానికి సిఫారసు రాయాలంటే నేను ఏ చిరునామా రాయను అంది. అదే శనివారం ఎమ్మిగనూరు నుంచి మా మేనమామ దిగాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఏమక్కా, నీకేమన్నా తిక్క పట్టిందా? నీచు వండే ఇండ్ల మధ్యన మన మగ్గం ఏసినావా? దసరా లోపల బిడ్డను తోలుకోని రాకుంటే షావుకారు నూలు పంపడంట. మనోళ్ళల్లో ఈ పిల్లను చేసుకునేటోడు ఉండడు. పెద్దలు కూసోని తేల్సినారు.”

మా అమ్మ నాడె ఆపలేదు. “నూలు ఆయప్ప ఒగని కాడే ఉండాదా ఈ దేశంలో? నా మొగుడు పోయినప్పుడు ఈ పెద్దలంతా యాడ పండుకోనుండిరప్పా? ఒగరన్నా వచ్చి సంగటి తిన్యావా అని అడిగినారా?” అని, అప్పుడు ఆపి, నా వైపు తిరిగింది. “ఈ ఇల్లు నేను ఎంచుకుంటి. నీ మీద రుద్దను. హాస్టలుకన్నా పో, మీ మామతోనన్నా పో, ఉంటే ఉండు. నువ్వే చెప్పు.”

ముసలావిడ బయట చేపలు ఆరబెడుతోంది. అన్నీ వింటోంది, విననట్టు ఉంది. నేను హాస్టలుకు వెళ్తానని చెబితే మా అమ్మా, ఆ ముసలావిడా నన్ను తప్పు పట్టరు. అదే నాకు భరించరానిదిగా తోచింది. “నేను ఈడనే ఉంటా మామా,” అన్నాను. “పెద్దలకు చెప్పు. చేసుకునేటోడు లేకుంటే లేకపోనీ.” మామ నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నేను బయటికి వెళ్ళి ముసలావిడ పక్కన కూర్చుని, ఆ రోజు రోడ్డు మీద తప్పు చేశానని చెప్పాను. ఆమె నా వైపు చూడకుండా, “అవునమ్మా, తప్పే సేసినావు,” అని, ఒక చేప నా చేతికిచ్చి ఎలా ఆరబెట్టాలో చూపించింది. పుట్టి బుద్ధెరిగాక క్లాసులో కాకుండా చేపను చేత్తో పట్టుకోవడం నాకు అదే మొదటిసారి.

సోమవారం పొద్దున్నే గుమాస్తా దగ్గరికి వెళ్ళి, రిజిస్టరు అడిగి తీసుకుని, ఖాళీగా ఉన్న గడిలో జాలరుల వీధి అని గుండ్రంగా రాశాను. వార్డెనుగారికి నాకు ఇల్లు ఉందండి అని చెప్పి సీటు వదులుకున్నాను. షావుకారు అన్నంత పనీ చేశాడు, నూలు ఆపేశాడు. మా అమ్మ బజారులో ముతక నూలు కొని, తడిస్తే త్వరగా ఆరే పొట్టి చీరలు జాలరి ఆడవాళ్ళకు నేసిచ్చింది. చేపల పేర్లు పుస్తకంలో ఒకటి, ఒడ్డున ఒకటి. రెండూ నేర్చుకున్నది మా క్లాసులో నేనొక్కదాన్నే. సిఫారసు కాగితం ఎవరూ రాయలేదు. అయినా కడపలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. పెళ్ళీ అయింది, మా కులం పెద్దలు తేల్చినట్టు మా వాళ్ళలో కాదు. మామ చాలా ఏళ్ళ తర్వాత తన మనవరాలి చదువు గురించి అడగడానికి మా ఇంటికి వచ్చాడు. ఆనాడు మాత్రం చెప్పులు విప్పాడు.

రిటైరయ్యాక ఒకసారి వెళ్ళి చూశాను. అప్పటికి మా అమ్మా లేదు, ముసలావిడా లేదు. తాటాకు ఇళ్ళున్న చోట ఎత్తైన గోడ, గోడ వెనక అంతస్తులు, ఒక్కో అంతస్తుకు సముద్రం వైపు అద్దాలు. ముసలావిడ మనవడు ఒకడు కనిపించాడు. ఊరి చివర కొండ వెనక ఉంటున్నాడట. వేటకు రోజూ బస్సెక్కి ఒడ్డుకు వస్తాడట. ఇప్పుడు ఆ వీధిని అందరూ మంచి వీధి అంటున్నారు. ఎక్కడి నుంచి వచ్చినవాళ్ళకైనా అక్కడ ఇల్లు దొరుకుతుందట. ఆ ఒడ్డున పుట్టినవాళ్ళకు మాత్రం దొరకదట. ఈ వయసులో అన్నీ సర్దుకుపోవాలంటారు, చాలా వాటికి సర్దుకున్నాను కూడా. ఇది మాత్రం నాకు మింగుడుపడదు. మింగను.