పోలమ్మ ఎడమ చెయ్యి

మా అక్క మార్తమ్మకు చూపు పోయిందన్న కబురు మొదట నాకు తెచ్చినవాడు గొర్రెల కాపరి గురవయ్య. అర్ధవీడు వైపు మంద తోలుకుపోయి, తిరిగి వస్తూ రాచర్లలో మా గడప ముందు ఆగాడు. "మీ అక్కకి కండ్లు కనపడ్డం లేదంట పాపా. దయ్యం పట్టిందంటాండారు. నువ్వొకసారి పోయి చూడు," అన్నాడు.

నేను దయ్యాలను నమ్మేదాన్ని కాదు. బడికి పోకపోయినా, నాయన ఇంట్లోనే నాకు బైబిలు చదవడం నేర్పాడు. చనిపోయినవారు ప్రభువు పిలిచేదాకా నిద్రలో ఉంటారు, మన మధ్యకు రారు అని చెప్పాడు. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఈ సంగతి రాయడానికి చాలాకాలం వెనకాడాను.

అవి మన తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న కాలం, మద్రాసు రాజధాని ఆఖరు రోజులు. అక్కకు అప్పటికి కొన్నేళ్లుగా తలనొప్పి. ముందు వాసన తెలియడం మానింది. పాసిపోయిన పులుసు వడ్డించి అత్తగారితో తిట్లు తినేది. తర్వాత మాట తగ్గింది. అన్నం మాడుతున్నా పొయ్యి ఎదురుగానే కూర్చుని ఉండేది. నేను వెళ్లేసరికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. ఒళ్లో చంటిపిల్ల.

"దీని మొగం ఎట్లుందో నాకు తెల్దు చెల్లే," అంది.

"ఏపమండలతో నాలుగు తగిలిస్తే అదే దిగిపోతాది," అంది అత్తగారు.

బావను ఒప్పించి మిషను ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ కంట్లోకి దీపం పట్టి చూసి, తలలో గడ్డ ఉందని, అది చూపు నరాలను నొక్కుతోందని చెప్పింది. పాకే జాతి గడ్డ కాదట. తీసేస్తే బతకవచ్చు, తీయకపోతే బతకదు. బిడ్డను బావ దగ్గర వదిలి, కంభంలో రైలెక్కి మద్రాసు చేరాం.

వార్డులో చుట్టూ అరవ మాటలే. తెలుగు వినపడింది పక్క మంచం నుంచి మాత్రమే. ఆ మంచం మీది పోలమ్మది కందుకూరు వైపు. ఆమె తలలోనూ అటువంటి గడ్డే. కుడి చెయ్యి పడిపోయింది. తోడు ముసలి తండ్రి. మంచాలు దగ్గరగా ఉండేవి గనుక, ఎడమ చెయ్యి చాపి అక్క చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పేది.

ఇద్దరికీ ఒకేరోజు తల గొరిగారు. "మీ ఏసయ్య గుండు అడగడు గదా అక్కా. నీ జుట్టు కూడా మా ఎంకన్న లెక్కలో రాపిచ్చుకుంటాలే," అంది పోలమ్మ. ఎన్నో నెలల తర్వాత మా అక్క నవ్వడం అప్పుడే విన్నాను.

అక్క భయమంతా పూర్తి మత్తు ఇవ్వరనే. ఆపరేషన్ తలకు సూదులు వేసి, మెలకువగా ఉండగానే చేస్తారట. "ముందు నా వంతే గదా. నొప్పి ఉంటదో ఉండదో నేనొచ్చి చెప్తాలే," అంది పోలమ్మ.

ఆమె ఆపరేషన్ బల్ల మీదే పోయింది. గడ్డ తీస్తుంటే నెత్తురు ఆగలేదట. అక్కకు చెప్పవద్దని, ధైర్యం చెడితే ప్రమాదమని నర్సమ్మ నన్ను హెచ్చరించింది. ఆమెను వేరే వార్డుకు మార్చారని చెప్పాను.

అక్క వంతు వచ్చిన రోజు బయట వరండాలో మోకాళ్ల మీదే ఉన్నాను. సాయంత్రం డాక్టరుగారు వచ్చి, కోడిగుడ్డు కంటే పెద్ద గడ్డ తీశామని చెప్పారు. ఆయన వెనకే వచ్చిన నర్సమ్మ మొహం పాలిపోయి ఉంది. లోపల మీ అక్క చాలాసేపు "సరేలే పోలమ్మా, సరేలే" అంటూనే ఉంది అని చెప్పింది. తల తెరిచినప్పుడు అటువంటివి మామూలే అన్నారు డాక్టరుగారు. నేనూ అలాగే అనుకున్నాను.

మాట తిన్నగా వచ్చాక అక్క తానే చెప్పింది. "పోలమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకున్యాది. నొప్పి ల్యా, కదలొద్దు అన్యాది."

"నీకు కనపడిందా?"

"ఆమె ఒక్కతే కనపడింది. డాక్టరు కనపళ్ళా. ఎడం చేతి మీద తేలు పచ్చబొట్టు ఉంటది జూడు, కొండి మణికట్టు కల్లా తిరిగి."

తేలు ఉంది, కొండి మణికట్టు వైపే తిరిగి ఉంది. నేను కళ్లారా చూశాను. కాని అక్కకు ఎప్పుడూ చెప్పలేదు. పోలమ్మ చెప్పగా వినలేదు. ఎన్నిసార్లు తడిమినా పచ్చబొట్టు చేతికి తగలదు. ఆమె తండ్రి అక్కతో మాట్లాడనే లేదు. అప్పుడు నిజం చెప్పేశాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

అక్కకు ఒక కంటి చూపు వచ్చింది. బిడ్డ మొహం చూసింది. వాసన మాత్రం చనిపోయేదాకా రాలేదు, అప్పుడప్పుడు మూర్ఛలూ వచ్చేవి. అయినా ఆ బిడ్డకు పెళ్లి చేసి కన్ను మూసింది.

ఆ రోజు జరిగినదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నాయన చెప్పినదానిలో దీనికి చోటు లేదు.

మా సంఘంలో చనిపోయినవారి కోసం ప్రార్థన చేయరు. నేనూ చేయను. కాని అక్క బతికిన కాలానికి దేవునికి స్తోత్రం చెప్పేటప్పుడు పోలమ్మ పేరు విడవను. ముసలి తండ్రి మూట కట్టుకుని వెళ్లిపోయాడు. వాళ్ల ఊరేదో అడగడం తోచలేదు. ఆమెకు పిల్లలున్నారో లేదో కూడా తెలియదు. మీరు ఏ దేవునికి మొక్కేవారైనా సరే, ఆమెను ఒక్కసారి తలచుకోండి. పేరు పోలమ్మ.