ఆగొద్దని రాసిన లైను

పిల్లల గుండె ఆస్పత్రిలో కంప్యూటర్ గది చూసుకునే ఆవిడను అందరూ వరసక్క అనేవారు. గిన్నెలు కడిగినా బట్టలు మడిచినా ఆవిడకో వరస ఉండాలి. అది తప్పితే ఇల్లు కూలిపోతుందని భర్త ఎగతాళి చేసేవాడు. స్కానింగుల పనినీ అలాగే వరసలో పెట్టింది. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే కంప్యూటర్ ఎవరూ చెప్పకుండానే తన పని తాను చేసుకుపోయేది. ముందు రిపోర్టులు ప్రింటు చేయాలి. తర్వాత ఆర్నెల్లు నిండిన స్కానింగులను పెద్ద డిస్కులోకి ఎక్కించి, ఎక్కినవి సరిచూసి, అప్పుడు ఇక్కడివి చెరిపి, ఖాళీ అయిన చోట కొత్తవి సర్దాలి. ఎక్కడ తేడా వచ్చినా అంతా అక్కడే ఆగిపోవాలి.

చిక్కంతా ప్రింటరుతో వచ్చింది. రోజు విడిచి రోజు అందులో కాగితం ఇరుక్కునేది, దాంతో వెనక పనులన్నీ మొరాయించేవి. కాగితం ఇరుక్కుంటే ఆస్పత్రే ఆగాలా అని పెద్ద డాక్టరు నలుగురిలో చివాట్లు పెట్టాడు. ఆ పూటే వరసక్క జాబితా మొదట్లో ఒక లైను చేర్చింది: ఏది చెడినా ఆగొద్దు, తర్వాతి పనికి వెళ్లు. ప్రింటరు కోసం రాసిన ఆ మాట మిగతా పనులకూ వర్తిస్తుందని తెలియక కాదు. రేపు సరిచేద్దాంలే అనుకుంది. రేపు రేపంటూ మూడు నెలలు గడిచాయి.

ఆ రోజు అన్నం తిని వచ్చేసరికి తెర మీద ఒకదాని కింద ఒకటి కనబడ్డాయి. డిస్కు నిండింది, ఎక్కించడం కుదరలేదు. సరిచూడటం కుదరలేదు. చెరపడం పూర్తయింది. సర్దడం పూర్తయింది. కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేస్తే, చెరిపిన చోటే కొత్తవి కూర్చున్నాయి కాబట్టి దేవుడు దిగొచ్చినా తేలేడన్నాడు.

రెండింటికి ఒకామె నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. పాప గుండెలో రంధ్రం పూడుతోందో పెరుగుతోందో ఆ రోజు తేలాలి. పెద్ద డాక్టరు కొత్త స్కానింగు తీసి, ఆర్నెల్ల కిందటిది అడిగాడు. పాత రిపోర్టులో చూస్తే 'చిన్న రంధ్రం' అన్న రెండు ముక్కలే ఉన్నాయి. వరసక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన తిట్టలేదు, తల పట్టుకున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకు. ఇవాళ్టిదే మొదటిదనుకుని మళ్లీ ఆర్నెల్లకు రమ్మన్నాడు.

తల్లి ఆయన్ని వదిలి వరసక్క వైపు తిరిగింది.

"తగ్గుతోందా అని ఇంటికెళ్లగానే మా అత్త అడుగుతుందక్కా. ఏం చెప్పను?"

"తెలీదమ్మా. నా వల్లే తెలీకుండా పోయింది."

"పోనీ, అందాకా దీన్ని పిల్లల్తో ఆడుకోనివ్వనా, కూర్చోబెట్టనా? అదైనా చెప్పు."

వరసక్క డాక్టరు వైపు చూసింది. ఆయన తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. ఈలోగా పాప చంక దిగి వరండాలోకి పరిగెత్తింది. తల్లి వెనకే రెండడుగులు వేసి, పిలవాలో వద్దో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయింది.