వచ్చిన పని

మా మామగారి మీద నాకు ఇప్పటికీ ఒక కోపం ఉంది. అప్పట్లో మాదాపూర్‌లో కొత్తగా వెలసిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు దగ్గర ఆయన సెక్యూరిటీ గార్డు. నేను అందులోనే ప్రోగ్రామర్ని. రోజూ చూసే మనిషినే అయినా, "మొహం కాదు సార్, కార్డు చూపియ్" అనేవారు. కార్డు మరచిపోయిన రోజు గంటసేపు ఎండలో నిలబెట్టారు. మా మేనేజరు వచ్చి చెప్పినా వినలేదు.

ఆయనకు అన్నం క్యారేజీ తెచ్చే కూతురూ నేనూ ఒకరినొకరం ఇష్టపడ్డాం. ఆమెకు చందానగర్ సంబంధం ఖాయం చేస్తున్నారని తెలిసి, ఒక ఆదివారం నేరుగా గేటు దగ్గరికే వెళ్లాను. సెలవు రోజు ఎవరొచ్చినా రాయాల్సిందేనంటూ రిజిస్టరు నా ముందుకు తోశారు. వచ్చిన పని అన్నచోట 'పర్సనల్' అని రాశాను.

"పర్సనలంటే ఏంది సార్? జర సాఫ్‌గ రాయి."

దాన్ని కొట్టేసి, 'మీ అమ్మాయిని నాకిమ్మని అడగడానికి' అని రాశాను. ఆయన ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివారు.

"ఎవర్ని కలవాల్నో రాయలే," అన్నారు చివరికి.

"మిమ్మల్నేనండి."

నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. రోజూ పెద్ద సార్ల పేర్లు రాయించే ఆ గడిలో తన పేరు తానే రాసుకుని, అక్కడున్న ఒక్క కుర్చీని నావైపు జరిపారు.