రెండు పెదవులూ మడిచి

ఎనభైల మొదట్లో నేను పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ణి. ఒకసారి వర్ధన్నపేట దగ్గర సైకిలు మీద నుంచి పడి ముందరి పైపళ్లు రెండు పోగొట్టుకున్నాను. క్లారినెట్‌ను ఆ పళ్ల కిందే ఆనించి ఊదడం నా అలవాటు. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా అది కీచుమనడమే తప్ప స్వరం పలకలేదు. బ్యాండులో తాళాలు కొడుతూ తిరిగాను.

ఒక మధ్యాహ్నం కాజీపేట స్టేషన్ వెయిటింగ్ రూములో, జనం పలచగా ఉన్నారు కదా అని మెల్లగా ఊదాను. మళ్లీ అదే కీచు. సిగ్గేసి దించేశాను. ఎదురు బెంచీ మీది ముసలాయన లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పండ్లు పోయినయని ఫికర్ చేస్తానవా తమ్మీ? నేను ఫౌజు బ్యాండుల పెద్ద క్లారినెట్ వాయించినోన్ని. జర ఇటు చూడు."

అందరూ చూస్తుండగానే కట్టుడు పళ్లు తీసి రుమాలులో పెట్టుకున్నాడు. రెండు పెదవులూ లోపలికి మడిచి, వాటి నడుమ తన బొటనవేలినే క్లారినెట్ మూతిలా మెత్తగా పట్టి చూపించాడు. తర్వాత, వంగి ఉన్న నా గడ్డాన్ని వేలితో పైకెత్తాడు.

"క్లారినెట్ నోటికాడికి రావాలె గని, నోరు దానికాడికి పోవద్దు," అన్నాడు బోసి నోటితో.

అంతలో ఆయన బండి వచ్చింది. పేరైనా అడగలేదు.

మరునాడు ఇంట్లో ఆయన చెప్పినట్టే పట్టి ఊదాను. స్వరం సన్నగా వణికింది కానీ చీలలేదు. మా ఆవిడ గిన్నెలు తోమడం ఆపి, తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను ఊదుతూనే ఉన్నాను.