గేరు లేని కారులో విలియం మావ

విలియం మావ ఎడమ చెయ్యి గేరు మార్చకుండా ఉండలేదు. కింద బండి ఉందా లేదా అన్నది ఆ చేతికి అక్కర్లేని సంగతి. నడుస్తూ మారుస్తాడు, మాట్లాడుతూ మారుస్తాడు, పలాస స్టేషన్లో బెంచీ మీద కూర్చుంటే కదిలిన ప్రతి రైలుకూ మారుస్తాడు. మా నాన్న నీలకంఠంగారి జీడి ఫ్యాక్టరీలో జీపు డ్రైవరుగా చేరినప్పటి నుంచీ ఇదే వరస. ఎత్తు రోడ్డు ఎక్కుతూ మధ్యలో ఆగి, చెయ్యి వెనక్కి లాగి, "ఊఁ, రెండు" అనుకుని మళ్ళీ అడుగేసేవాడు. వెనకాల వచ్చేవాళ్ళు హారన్ కొట్టినట్టు నోటితో శబ్దం చేసేవారు. ఆయన మర్యాదగా పక్కకు తప్పుకుని దారిచ్చేవాడు.

అన్నం దగ్గర కుడిచెయ్యి ముద్ద కలుపుతుంటే ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటుంది కదా, దానికి అది పండగ. ఆయన భార్య మగ్దలీనత్త చేపల పులుసు వడ్డిస్తూ ఒక కన్ను ఆ చేతి మీదే ఉంచేది.

"అప్పుడే న్యూట్రల్‌కి వచ్చీసినావేటి? ఇంకో ముద్ద తిను."

"సాలే, టేంకు నిండిపోనాది."

ఆదివారం గుడిలో పాస్టరు సైలస్‌గారికి ఇంకో బాధ. ఆయన ప్రసంగం సాగేకొద్దీ ముందు బెంచీలో విలియం మావ చెయ్యి కదులుతూ ఉండేది. ఒకనాడు ఆయన బైబిలు మూసి అడిగేశారు.

"ఏటి విలియం, నన్ను తొందర పెడతన్నావా?"

"అబ్బే, నేదయ్యగారూ! మంచి స్పీడులో ఉన్నారు గానీ సెకండులోనే లాగతన్నారు. ఇంజను ఏడెక్కిపోద్దని నేనే మార్సినాను."

ఆ వారం ప్రసంగం తొందరగా ముగిసిందనీ, ఊరంతా విలియం మావకు రుణపడి ఉందనీ మగ్దలీనత్త చెప్పింది.

ఇలాంటి మనిషికి గేరు లేని కార్లు కూడా ఉంటాయని ఎవరో చెప్పారు. విలియం మావ మొహం చూడాలి. ఆముదం తాగినవాడు నయం.

"గేరు నేని బండి బండేటి? స్విచ్చేత్తే తిరగడానికి అది మిక్సీ. అందులో పచ్చడి రుబ్బుకోండి, మనుసుల్ని ఎక్కించకండి."

అప్పటి నుంచి మా ఇంట్లోనూ ఫ్యాక్టరీలోనూ ఆటోమేటిక్ కారు పేరు మిక్సీ అయింది. మా నాన్న అయితే ఆ మాటను ఎక్కడికి వెళితే అక్కడ తనదిగా చెప్పుకునేవారు.

ఇక్కడ నా కాలి సంగతి చెప్పాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. ఇనప పట్టీల బూటు, చేతికర్ర, వీటితో బాగానే నడుస్తాను. కానీ బస్సు మెట్టు ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టాలి, ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు దింపాలి. కారు నడపాలని నాకు పిచ్చి కోరిక. డిగ్రీ చదివే రోజుల్లో విలియం మావను పీడించి జీపు నేర్పడానికి ఒప్పించాను. నౌపడ దగ్గర ఉప్పు మడుల పక్కన, గుద్దుకోవడానికి ఏమీ లేని బయలు చూసి తీసుకెళ్ళాడు. నేను స్టీరింగు పట్టుకుని, రెండు చేతులతో తొడ మీద అదిమినా క్లచ్చి కిందికి దిగలేదు. జీపు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. నా బతుకంతా పక్క సీటేనని అనిపించింది.

విలియం మావ దిగి బానెట్ తెరిచి జీపును తిట్టడం మొదలుపెట్టాడు.

"సీ, ఎదవ క్లచ్చి! రాయిలాగ బిగిసిపోనాది. నా కాలికే దిగడం నేదు, పాప కాలికేటి దిగుద్ది?"

మర్నాడు అదే క్లచ్చిని కాలి బొటనవేలితో నొక్కి నన్ను కాలేజీలో దింపాడు. నేను చూశాను. నేను చూశానని ఆయనా చూశాడు. ఆ మాట మళ్ళీ ఇద్దరం ఎత్తలేదు.

ఆ తర్వాత నాకు టెక్కలిలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. పలాస నుంచి రోజూ విలియం మావే దింపేవాడు. జీపు ఫ్యాక్టరీ పని మీద ఉద్దానం తోటలకు వెళ్ళిన రోజున నాకు సెలవు. ప్రిన్సిపాల్ నారాయణమూర్తిగారు పాపం మంచివారే, కానీ ఎన్నాళ్ళు ఊరుకుంటారు? సొంతంగా రాగలిగితే చూడమ్మా, లేకపోతే వేరే ఏర్పాటు చేసుకుంటాం అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లో, రెండు వేల అయిదులో, మా నాన్నకు స్పోర్ట్స్ కారు మీద మోజు పుట్టింది. వయసులో కలిగిన కోరికట, జీడికి మంచి ధర రాగానే నిద్ర లేచింది.

"అందులో జీడి బస్తా పడతాదేటి?" అంది మా అమ్మ దేవి.

"స్పోర్ట్స్ కారులో బస్తా ఏటే! మనిసే పట్టడు!" అన్నారు నాన్న గర్వంగా.

విశాఖపట్నంలో పాత కార్లు అమ్మే ఒకాయన దగ్గర జపాన్ నుంచి దిగిన రెండు తలుపుల ఎర్ర కార్లు రెండున్నాయి. ఒకటి గేర్లది, ఒకటి మిక్సీ. నాన్న గేర్లదానికే మనసులో తాంబూలాలు పుచ్చేసుకున్నారు. బయల్దేరేముందు విలియం మావ అన్నాడు.

"పాపని కూడా తీసుకెల్దుం బాబూ. రంగు సూడ్డానికి."

గేర్ల కారును విలియం మావే నడిపి చూశాడు. నన్ను వెనక ఇరుకులో కుక్కారు. బీచి రోడ్డు మీద ఆయన ఎడమ చెయ్యి ఒకటి నుంచి అయిదు దాకా వెళ్ళింది. గేరు వెన్నలో వేలు పెట్టినట్టు పడుతోంది. క్రిస్మస్ నాడు కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు నేను. అప్పుడు అద్దంలో నావైపు ఒకసారి చూశాడు. కారు ఆపాడు.

"బాబూ, ఇది వద్దు."

"ఏటి?"

"గేరుబాక్సు పోనాది. మూడులో కీసుమంటన్నాది. ఇనబడనేదా?"

విలియం మావ చెవికి వినిపించింది తనకు వినిపించలేదంటే నాన్నకు పరువు తక్కువ.

"అవునవును, నాకూ ఇనబడింది" అన్నారు.

కార్లు అమ్మే ఆయన లబోదిబోమన్నాడు. "బాక్సు కొత్తదండీ! నిన్న మొన్న వేసిందండీ!"

"కొత్తదే. పుట్టుకతోనే రోగం" అని, విలియం మావ రెండో కారు వైపు గడ్డం ఎగరేసి, "ఆ మిక్సీ తీసుకెల్దుం బాబూ" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ చెయ్యి జేబులో ఉండగా చూడటం నాకదే మొదలు.

కారు పలాస వచ్చింది. ఉద్దానం రోడ్ల మీద దాని పొట్ట నేలను రాసుకుంటూ పోయేది. సగం రోడ్డు ఆరబోసిన జీడిపిక్కలది, మిగతా సగం ఆవులది. తోటల్లోంచి రైతులు కేకేసేవారు. "ఏటి నీలకంఠం బావా, కారు కూకుండిపోనాదేటి? లెగదా?" కొన్నాళ్ళకు నాన్న మోజు తీరి మళ్ళీ జీపెక్కారు. విలియం మావ ఆ పూటకే కాచుకుని ఉన్నట్టున్నాడు.

"ఊరికే ఉంచితే బేటరీ పోద్ది బాబూ. పాప తిప్పుతాది. దీనికి ఎడమ కాలితో పని నేదు."

నా కాలి గురించి ఆయన సూటిగా అన్నది ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాటే. మళ్ళీ నౌపడ, మళ్ళీ ఆ ఉప్పు మడులు. కుడికాలు మోపగానే కారు కదిలింది. ఈసారి కూడా నాకు ఏడుపొచ్చింది కానీ అది వేరే ఏడుపు. లైసెన్సు కోసం చాలా తిరగాల్సి వచ్చింది, విలియం మావ నాతోపాటు తిరిగాడు. ప్రిన్సిపాల్‌గారు వేరే ఏర్పాటు చేసుకోనక్కర్లేకపోయింది.

తర్వాతి జీడి సీజన్లో బరంపురం వ్యాపారి ఒకాయన మా ఫ్యాక్టరీకి సరుకు కొనడానికి వచ్చాడు. ఏ కారులోనంటారా? ఆ గేర్ల ఎర్ర కారులో! నాన్న తాళం అడిగి పుచ్చుకుని ఊరంతా తిరిగొచ్చి, గేటు దగ్గరే కేకేశారు.

"విలియం! గేరుబాక్సు పోనాదన్నావు గదా?"

"అవును బాబూ."

"వెన్నలాగున్నాది గదా!"

విలియం మావ తల గోక్కున్నాడు. "ప్రార్దన సేసినాను బాబూ. బాగుపడిపోనాది."

అప్పుడే నేను టెక్కలి నుంచి వచ్చి, కారు ఆపి, కర్ర తీసుకుని ఒక్కదాన్నీ దిగుతున్నాను. నాన్న నన్ను చూశారు, విలియం మావను చూశారు. కోపం ఎక్కడికి పోయిందో, మీసాల కింద నవ్వు వచ్చింది.

"మరి నా మోకాలికి కూడా ఓ ప్రార్దన సేసీకూడదేటి?" అని భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఈ చేతుల్లోకి స్టీరింగు ఎలా వచ్చిందో నేను మర్చిపోను. ఆదివారాలు విలియం మావనూ మగ్దలీనత్తనూ గుడికి నేనే తీసుకెళ్తాను. పక్క సీట్లో ఆయన ఎడమ చెయ్యి మామూలే.

"ఎన్నో గేరు మావా?"

"మూడు. నువ్వు రోడ్డు సూడు."

ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా నేను యాక్సిలరేటరు మీంచి కాలు కాస్త తీసి మళ్ళీ వేస్తాను. కారు చిన్నగా ఊగి ముందుకు పోతుంది, అచ్చం గేరు పడినట్టే. విలియం మావ వెనక్కి తిరిగి భార్యతో అంటాడు.

"సూసినావా? మిక్సీ అయితేనేటి, నా మాట ఇంటన్నాది."